డయాలసిస్ పేషెంటుకు సెఫాజోలిన్ (ఒక యాంటీబయాటిక్) పడదేమో. డీసెన్సిటైజ్ చేస్తే (అతి చిన్న డోసుతో మొదలుపెట్టి మెట్లుగా పెంచి తట్టుకునేలా చేస్తే) రెండు డయాలసిస్‌ల మధ్య గ్యాప్‌లో ఆ తట్టుకునే గుణం నిలుస్తుందా?

అనంత_పీజీ
అనంతపురం. వయసు 56, బరువు 62 కిలోలు, మంగళ-గురు-శని డయాలసిస్. మూత్రం దాదాపు లేదు. మెడలో టన్నెల్డ్ (చర్మం కింద నుంచి వేసిన) డయాలసిస్ క్యాథెటర్‌తో చలిజ్వరంగా వచ్చాడు, రెండు బ్లడ్ కల్చర్లలోనూ ఎంఎస్ఎస్ఏ (మెథిసిలిన్ రకం మందులకు లొంగే స్టాఫ్ బ్యాక్టీరియా) పెరిగింది. క్యాథెటర్ పీకేశాం, వాంకోమైసిన్ నడుస్తోంది. ఇప్పుడు సెఫాజోలిన్‌కు మార్చాలి. ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో "యాంటీబయాటిక్ అలర్జీ" అని మాత్రం ఉంది. ఏ మందో, ఏమైందో, ఎప్పుడో ఒక్క ముక్క లేదు. డీసెన్సిటైజేషన్ చేయాల్సి వస్తే కిడ్నీ బాగున్నవాళ్ల షెడ్యూలే వాడొచ్చా? అసలు భయం తర్వాతది. రోజుకు మూడుసార్లు ఇచ్చే మందైతే తట్టుకునే గుణం నిలుస్తుంది. డయాలసిస్ అయ్యాక వారానికి మూడుసార్లే ఇచ్చే మందుకు ఎట్ల?

ఫిస్టులా_అన్న
ఏ మందో రాయకుండా అలర్జీ అని రాయడమంటే "కరెంటుంది జాగ్రత్త" అని బోర్డు పెట్టి ఏ తీగలోనో చెప్పకపోవడం.

డయాలసిస్ రూములో రియాక్షన్ వస్తే అప్పుడు చేతిలో ఏ ఇంజెక్షనుంటే దాని మీదికే నేరం పోతుంది. మొదట గడియారం అడగండి. మిషన్ ఎక్కించిన 5-10 నిమిషాల్లో ఆయాసం, ఒళ్లు మంట, బీపీ పడిపోవడం వచ్చుంటే ముందు రక్తం వడగట్టే ఫిల్టర్‌ను, అంటే డయలైజర్‌ను అనుమానించాలి. కొత్త ఫిల్టరైతే ఎథిలీన్ ఆక్సైడ్, రీయూజ్ ఫిల్టరైతే సరిగా కడగని పెరాసెటిక్ యాసిడ్. ఏఎన్69 అనే రకం ఫిల్టర్ పొర వాడుతూ ఎనలాప్రిల్ లాంటి ఏసీఈ మాత్ర మీద ఉంటే బ్రాడీకైనిన్ (రక్తనాళాలను వదులుచేసే పదార్థం) పెరిగి అచ్చం అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి వచ్చే అలర్జీ) లాగే ఉంటుంది. 20-40 నిమిషాలకు ఛాతీ, నడుము నొప్పి మాత్రమే వస్తే అది ఇంకో రకం, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అదే పూట ఐరన్ ఇచ్చారా, హెపారిన్ బ్రాండు మారిందా, అవీ చూడండి.

గండికోట_ఐసీయూ
ఫిస్టులా_అన్న చెప్పింది నిజం. దాంతోపాటు ఇంకో రెండు మూడు అడగాలి. ఎన్నో డోసుకు వచ్చింది? ఎన్ని నిమిషాలకు? దద్దుర్లా, చర్మం ఊడిందా? అడ్రినలిన్ ఇచ్చారా?

చర్మం పొలుసులుగా ఊడటం, నోట్లో కళ్లల్లో పుండ్లు, జ్వరంతో పాటు ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పెరగడం, రక్తకణాలు విరిగిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా డీసెన్సిటైజేషన్ మాటే ఎత్తకూడదు. అది వెంటనే వచ్చే ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) రకానికి పనికొచ్చే ఉపాయం. స్టీవెన్స్-జాన్సన్‌కు (చర్మం ఊడే రియాక్షన్) గానీ డ్రెస్‌కు (జ్వరం, ఈసినోఫిల్స్‌తో వచ్చేది) గానీ చుక్క మందైనా నిప్పే. మన పేషెంట్లలో ఇంకోటుంది: ఆ మందు వల్లే నెఫ్రైటిస్ (కిడ్నీ వాపు) వచ్చి కిడ్నీ పోయుంటే దానికీ ఇది వర్తించదు.

డోన్_డాక్టరు
వాంకో నడుస్తోంది కదా, వారానికి మూడుసార్లు డయాలసిస్ చివరి గంటలో ఎక్కిస్తే పోయె. ఈ తంటా ఎందుకు?

గండికోట_ఐసీయూ
ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్ రకం మందులకు లొంగని స్టాఫ్) అయితే మీ మాటే. ఎంఎస్ఎస్ఏకు వాంకో నెమ్మది మందు. డయాలసిస్ వాళ్లలోనే పోల్చి చూసినా సెఫాజోలిన్ కన్నా వాంకోతో వైద్యం విఫలమయ్యేది ఎక్కువ. 4 నుంచి 6 వారాల చికిత్స ఇది, గుండె కవాటం మీద కూర్చుంటే ఇంకా కష్టం.

తుంగభద్ర_ఫార్మా
వాంకోకూ అలర్జీ ముద్ర వేస్తుంటారు. 1 గ్రామును అరగంటలో తోసేసి, మెడ ముఖం ఎర్రబడితే "వాంకో పడదు" అని రాసేస్తారు. అది ఐజీఈ పని కాదు, మందే నేరుగా మాస్ట్ కణాలను (అలర్జీ రసాయనాలు వదిలే కణాలు) రేపుతుంది. నిమిషానికి 10 మి.గ్రా. దాటకుండా, అంటే 1 గ్రాముకు కనీసం 100 నిమిషాలు పెడితే చాలామందికి ఏమీ కాదు.

రాగిసంకటి
పెన్సిలిన్ టెస్ట్ డోసు వేసి చూస్తే తేలిపోదా? ప్రతి వార్డులో వేస్తూనే ఉన్నారు గదప్పా.

తుంగభద్ర_ఫార్మా
వేస్తున్నారు, తేలదు. వయల్ కలిపిన చిక్కటి మందును అట్లే చర్మంలోకి ఎక్కిస్తే మందు గాఢతకే ఎర్రబడుతుంది. బెంజైల్‌పెన్సిలిన్ అయితే మి.లీ.కి 10,000 యూనిట్లు, ఆంపిసిలిన్ అయితే 20 మి.గ్రా., అంతకు మించితే చర్మం మండటమే. పక్కన సెలైన్ చుక్క (లేవకూడనిది) ఒకటి, హిస్టమిన్ చుక్క (తప్పక లేవాల్సింది) ఒకటి పెట్టకపోతే దేనితో పోల్చాలి? కిడ్నీ దురదకు రోజూ సెట్రిజిన్ మింగేవాళ్లకు హిస్టమిన్ చుక్క కూడా లేవదు. అప్పుడు "నెగెటివ్" అని రాసుకుంటే మోసపోయినట్టే.

పెన్సిలిన్ పడదని చెప్పేవాళ్లలో పరీక్షిస్తే 10కి 9 మందికి పడుతుంది. ఐదేళ్ల లోపు జరిగిందా (2 మార్కులు), అనఫిలాక్సిస్, వాపు లేదా తీవ్రమైన చర్మవ్యాధా (2), వైద్యం అవసరమైందా (1), ఈ పెన్-ఫాస్ట్ లెక్కలో 3 లోపు వస్తే రిస్కు తక్కువ. పైగా పెన్సిలిన్ అలర్జీకీ సెఫాజోలిన్‌కూ చుట్టరికం దాదాపు లేదు. సెఫాజోలిన్ పక్క గొలుసు (అణువుకు పక్కన అతికిన భాగం) ఏ పెన్సిలిన్‌కూ, మామూలుగా వాడే సెఫలోస్పోరిన్‌కూ లేదు. అట్టి పేషెంటుకు డీసెన్సిటైజేషన్ దండగ. పదో వంతు, అంటే 200 మి.గ్రా. ఇచ్చి గంట చూసి మిగతాది ఇస్తే సరిపోతుంది.

అనంత_పీజీ
పాత డిశ్చార్జి కాగితం దొరికింది. 8 నెలల కిందట ఇంకో ఊర్లో. మందు సెఫాజోలినే. రెండో డోసు. డయాలసిస్ ముగిసి, లైన్లు విప్పేశాక, చేతి క్యాన్యులా నుంచి ఇచ్చారు. 10 నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పిల్లికూతలు, బీపీ 80/50. అడ్రినలిన్ ఒకటి పడ్డాక కుదుటపడ్డాడు. ఆ పూట ఐరన్ లేదు. ఆ తర్వాత పంటి నొప్పికి అమోక్సిసిలిన్ 5 రోజులు మింగాడు, ఏమీ కాలేదని ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్తున్నారు, చీటీ కూడా ఉంది.

ఫిస్టులా_అన్న
అయితే ఫిల్టర్ నిర్దోషి. కేసు కొట్టేశారు.

పెన్నాగట్టు
తుంగభద్ర చెప్పిన పక్క గొలుసు లెక్క ఇప్పుడు తిరగేసి చదవండి. సెఫాజోలిన్ ఒక్కదానికే అలర్జీ ఉన్నవాళ్లకు పెన్సిలిన్లు సాధారణంగా పడతాయి. ఈయనకు అమోక్సిసిలిన్ పడిందని తెలిసిపోయింది కూడా. క్లాక్సాసిలిన్ (స్టాఫ్ మీద పనిచేసే పెన్సిలిన్) ఇవ్వండి. ఎంఎస్ఎస్ఏకు సెఫాజోలిన్ ఎంతో అదీ అంతే, లివర్ దారిన పోతుంది కాబట్టి డయాలసిస్ వాళ్లకు డోసు తగ్గించే పనీ లేదు. మెట్లెక్కించడం ఎందుకు?

తుంగభద్ర_ఫార్మా
కాగితం మీద బాగుంది. 2 గ్రా. 4 గంటలకోసారి, అంటే రోజుకు 6 సార్లు, 12 గ్రా. మందులోని సోడియమే సుమారు 27 మిల్లీమోల్స్, ఉప్పు లెక్కన గ్రామున్నర పైనే. ఒక్కో డోసును 100 మి.లీ. నార్మల్ సెలైన్, అంటే ఎన్ఎస్‌లో వేస్తే ఇంకో 5.4 గ్రా. ఉప్పు, 600 మి.లీ. నీళ్లు. మూత్రం రాని మనిషికి రోజు మొత్తం తాగనిచ్చే నీళ్లలో సగం పైన డ్రిప్పుకే పోతాయి. 50 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో వేసుకుంటే కొంత నయం. ఈ మందుకు నరం వాచేది కూడా ఎక్కువే. డయాలసిస్ పేషెంటుకు పిక్ లైన్ (చేతి నరం నుంచి గుండె దగ్గరి దాకా వేసే పొడవాటి గొట్టం) వేయకూడదు, ముందు ముందు ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో కలిపే రక్తనాళాలు) కావాల్సిన నరాలు అవి. ఆరు వారాలు అరచేయి వెనక నరాలతో నెట్టుకురావాలి.

ఇంకో ఉచ్చు: షాపులో క్లాక్సాసిలిన్ అడిగితే ఆంపిసిలిన్ కలిపిన వయల్ చేతిలో పెడతారు. 1 గ్రా. వయల్లో సగమే క్లాక్సాసిలిన్. వార్డు నర్సు 2 గ్రా. ఇచ్చాననుకుంటుంది, లోపలికి పోయేది 1 గ్రాము. లేబుల్ చదివి తీసుకోండి.

పెన్నాగట్టు
ఒప్పుకుంటా. కానీ మొదటి రెండు వారాలు ఎట్లాగూ వార్డులోనే ఉంటాడు కదా. అప్పుడు క్లాక్సా, ఇంటికి పోయేటప్పుడు సెఫాజోలిన్. డీసెన్సిటైజేషన్ అప్పుడు తీరిగ్గా చేసుకోవచ్చు. జ్వరంతో, బీపీ తూగుతున్న మనిషికి దాన్ని మొదలుపెడితే ఏది సెప్సిస్ ఏది రియాక్షన్ అని తెలియక మధ్యలో చేతులెత్తేస్తాం.

అనంత_పీజీ
ఇది నచ్చింది. అప్పుడు అసలు ప్రశ్న షెడ్యూలు. ఎవరైనా అంకెలతో రాయండి.

గండికోట_ఐసీయూ
12 మెట్లు, మూడు బలాలు. లక్ష్యం 2 గ్రా. అనుకుందాం.

అసలు బలం "సి": 2 గ్రా. 250 మి.లీ.లో, మి.లీ.కి 8 మి.గ్రా. "బి" దానిలో పదో వంతు, 0.8. "ఎ" నూరో వంతు, 0.08. మెట్టుకు 15 నిమిషాలు. ఎ బ్యాగు గంటకు 2, 5, 10, 20 మి.లీ. బి బ్యాగు 5, 10, 20, 40. సి బ్యాగు 10, 20, 40, చివరి మెట్టు 80 మి.లీ. వేగంతో బ్యాగు అయ్యేదాకా.

ఒంట్లోకి పోయే మందు ఇట్లుంటుంది: 0.04, 0.1, 0.2, 0.4 మి.గ్రా. తర్వాత 1, 2, 4, 8. తర్వాత 20, 40, 80. చివరి మెట్టులో మిగిలిన 1,860 మి.గ్రా. ఆ చివరిదానికే 2 గంటల 54 నిమిషాలు, మొత్తం 5 గంటల 40 నిమిషాలు. మొదటి మెట్టు అసలు డోసులో 50 వేలో వంతు. పోయినసారి బీపీ పడిపోయిన మనిషి కాబట్టి వెయ్యో వంతు బ్యాగు ఇంకోటి ముందు చేర్చి 16 మెట్లు చేసేవాళ్లూ ఉన్నారు. నేనైతే ఈయనకు అదే చేస్తా.

రియాక్షన్లు ఎక్కువగా వచ్చేది మొదటి మెట్లలో కాదు, సి బ్యాగులో, ముఖ్యంగా చివరి మెట్టులో. అందరూ తొలి గంట కళ్లప్పగించి చూసి, పదకొండో మెట్టు దాటాక టీకి పోతారు.

కొండారెడ్డిబురుజు
అహోబిలంలో జ్వాలా నరసింహుడి దగ్గరికి ఎక్కినట్టుంది. చివర్లోనే కాళ్లు పట్టేస్తాయి.

తుంగభద్ర_ఫార్మా
కలపడం గురించి. 2 గ్రా. పొడిని 20 మి.లీ. స్టెరైల్ వాటర్‌లో కరిగిస్తే మి.లీ.కి సుమారు 100 మి.గ్రా. సి బ్యాగు నుంచి 20 మి.లీ. తీసేసి ఇది మొత్తం పోయాలి. బి, ఎ కోసం 250 మి.లీ. బ్యాగులు పాడుచేయొద్దు. లెక్క వేయండి: ఎ నుంచి నిజంగా పోయేది 9.25 మి.లీ., బి నుంచి 18.75. రెండూ 50 మి.లీ. సిరంజిలో పట్టేస్తాయి. బికి 40 మి.గ్రా. తీసుకుని 50 మి.లీ. చేయండి. ఆ బి నుంచి 5 మి.లీ. ఇంకో సిరంజిలోకి తీసి 50 చేస్తే ఎ. ఇన్సులిన్ సిరంజితో 0.04 మి.లీ. కొలిచే సాహసం చేయొద్దు, అక్కడే పదింతలు తప్పు పోతుంది. ఆ 40 మి.గ్రా. కోసం ఇంకో 500 మి.గ్రా. వయల్ విప్పుకోండి, సి బ్యాగు నుంచి దొంగిలించొద్దు.

నీళ్లు ఇంకా తగ్గించాలంటే సిని 100 మి.లీ.లో చేయండి, మి.లీ.కి 20 మి.గ్రా. అప్పుడు వేగాలు 10, 20, 40, 80 కాదు, 4, 8, 16, 32. మొత్తం కలిపి 128 మి.లీ.తో అయిపోతుంది. కాగితం మీద పాత వేగాలు ఉంచి బ్యాగు మాత్రం మార్చారో, రెండున్నర రెట్ల వేగంతో పోతుంది. షీటు తిరగ రాసి ఇద్దరు చూసి సంతకం పెట్టాలి.

మన వేసవిలో ఏసీ లేని వార్డులో కలిపి పెట్టిన మందును 24 గంటలుంచొద్దు. ఆ గడువు 25 డిగ్రీలకు చెప్పింది, ఏప్రిల్లో కర్నూలు వార్డుకు కాదు. ఆ పూటకు ఆ పూటే కలపండి.

కడప_సిస్టర్
ఎవరూ లైను సంగతి ఎత్తలేదు. మామూలు ఐవీ సెట్టులో 15-20 మి.లీ. ద్రవం నిలబడి ఉంటుంది. దాన్ని ఎన్ఎస్‌తో నింపి ఎ మందు తగిలిస్తే ఏమవుతుంది? మొదటి నాలుగు మెట్లు కలిపి పోయేది 9.25 మి.లీ. 20 మి.లీ. లైనులో ఏడో మెట్టు అయ్యేసరికి కదిలింది 18 మి.లీ. మాత్రమే. అంటే గంటా నలభై అయిదు నిమిషాలు పేషెంటుకు ఉత్త సెలైనే పోయింది, చార్టులో మాత్రం ఏడు మెట్లు టిక్కు పడ్డాయి. తర్వాత వేగం పెంచినప్పుడు లైనులో ఉన్న ఎ, బి అన్నీ ఒక్కసారిగా తోసుకుపోతాయి. "చిన్న మెట్లలో ఏమీ కాలేదు, పెద్ద మెట్టులో బిగుసుకుపోయాడు" అన్న చోట ఇదీ చూడాలి.

1 మి.లీ. లోపు పట్టే సన్నటి ఎక్స్‌టెన్షన్ వాడాలి, దాన్ని సెలైన్‌తో కాదు ఆ మందుతోనే నింపాలి. ఎకు ఒకటి, బికి ఒకటి, సికి ఒకటి, మారినప్పుడల్లా క్యాన్యులా దగ్గరే మార్చాలి. రెండో క్యాన్యులా ఎమర్జెన్సీకి ఖాళీగా ఉంచాలి. రెండూ ఫిస్టులా లేని చేతికే. బీపీ కఫ్ కూడా ఆ చేతికి కట్టాల్సి వస్తే, కఫ్ బిగిసిన ప్రతిసారీ మందు ఆగి, పంపు అలారం కొట్టి, వదలగానే ఒక్క తోపు పోతుంది. కఫ్ కాలికి కట్టండి.

ఫిస్టులా_అన్న
సిస్టర్‌కు దండం. ఆ కఫ్ సంగతి ఎవరూ రాయరు.

డోన్_డాక్టరు
ముందుగా అవిల్ (యాంటీహిస్టమిన్), హైడ్రోకార్టిజోన్ (స్టెరాయిడ్) కొట్టి మొదలుపెడితే నిశ్చింత కదా?

గండికోట_ఐసీయూ
మీకు నిశ్చింత, పేషెంటుకు కాదు. అనఫిలాక్సిస్‌ను అవి ఆపవు, మొదటి హెచ్చరికగా వచ్చే దురద దద్దుర్లను మాత్రం దాచేస్తాయి. అప్పుడు కనిపించే మొదటి గుర్తు బీపీ పడటమే.

పెన్నాగట్టు
అంత కచ్చితంగా చెప్పలేం. యాంటీహిస్టమిన్‌తో మొదలుపెట్టే మంచి సెంటర్లు ఉన్నాయి, ఎర్రబడటం ఎక్కువున్న వాళ్లకు మాంటెలుకాస్ట్, ఆస్పిరిన్ కూడా ఇస్తారు. నా అభ్యంతరం వేరే: కిడ్నీ లేని మనిషికి లీవోసెట్రిజిన్ ఇవ్వకూడదు, సెట్రిజిన్ అయితే 5 మి.గ్రా. దాటొద్దు, అవిల్ వరసగా కొడితే మత్తు. రాత్రికి తిక్కతిక్కగా మాట్లాడితే మందా, యురీమియానా (కిడ్నీ పనిచేయక రక్తంలో విషాలు పేరుకోవడం), సెఫలోస్పోరిన్ మెదడుకెక్కిందా అని కొట్టుకోవాలి.

ఒకటి మాత్రం తప్పకుండా చేయండి. మొదలుపెట్టే ముందే ఒంటి మీద గీరుకున్న గాట్లు, పాత దద్దుర్లు రాసుకోండి, కుదిరితే ఫోటో తీసుకోండి. డయాలసిస్ పేషెంటు మామూలుగానే గీరుకుంటూ ఉంటాడు. మూడో మెట్టులో గీరుకున్నాడని ఆపేస్తే పొద్దు గూకినా అయ్యేది కాదు.

రాగిసంకటి
రియాక్షన్ వస్తే మొత్తం బంద్ చేయాల్నా?

గండికోట_ఐసీయూ
ఆపి వైద్యం చేయాలి, వదిలేయక్కర్లేదు. దురద, నాలుగు దద్దుర్లు అయితే పంపు ఆపి అవిల్ ఇచ్చి, తగ్గాక ఒకటి రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ ఎక్కడమే. బీపీ, ఊపిరి, గొంతు, ఏది తగిలినా తొడ బయటివైపు కండలో అడ్రినలిన్ 0.5 మి.గ్రా., 1 మి.లీ. ఆంప్యూల్లో సగం. 5 నిమిషాలకు తగ్గకపోతే ఇంకోసారి. మూత్రం రాదు కదా అని సెలైన్ ఇవ్వడానికి వెనకాడొద్దు. షాక్‌లో ఉన్నప్పుడు ఇవ్వాల్సింది ఇవ్వండి, తర్వాత మిషన్ మీద లాగేయొచ్చు.

ట్రిప్టేజ్ (మాస్ట్ కణాలు వదిలే పదార్థం, రక్తపరీక్ష) పంపే వీలుంటే మొదలుపెట్టే ముందు ఒక శాంపిల్ తీసి ఉంచండి. కిడ్నీ ఫెయిల్యూర్‌లో మామూలప్పుడే అది ఎక్కువ ఉండొచ్చు, రియాక్షన్ తర్వాతది ఒక్కటే చూస్తే తప్పుదారి పట్టిస్తుంది. ముందుదానికి 1.2 రెట్లు, దాని మీద ఇంకో 2 దాటితేనే లెక్క.

పెన్నాగట్టు
ఈయన బీపీ మాత్రలేంటి, అనంత? కార్వెడిలాల్, మెటోప్రొలాల్ ఏదైనా ఉందా? బీటా బ్లాకర్ మీద ఉన్న మనిషికి అడ్రినలిన్ సరిగా పట్టదు. గ్లూకగాన్ 1 నుంచి 5 మి.గ్రా. నరంలోకి 5 నిమిషాల్లో నెమ్మదిగా, తర్వాత నిమిషానికి 5-15 మైక్రోగ్రాముల డ్రిప్. వాంతులవుతాయి, పక్కకు తిప్పి పెట్టండి. ఒక్కో కిట్టులో 1 మి.గ్రా.యే ఉంటుంది, ఐదైనా ముందురోజే తెప్పించి పెట్టుకోండి. జిల్లా కేంద్రాల్లో రాత్రి పూట వెతికే మందు కాదది.

అనంత_పీజీ
కార్వెడిలాల్ 12.5 రోజుకు రెండుసార్లు. గుండె పంపింగ్ 40 శాతం. ఉన్నపళంగా మానిపించడం కష్టమని కార్డియాలజీ వాళ్లు చెప్తున్నారు. ఆ పూట పొద్దుటి డోసు ఒక్కటి ఆపి, గ్లూకగాన్ పెట్టుకుని చేస్తాం. ఎనలాప్రిల్ 24 గంటల ముందే ఆపుతాం.

ప్రొద్దుటూరు_ప్రశ్న
డయాలసిస్ సెంటర్లోనే కుర్చీలో కూచోబెట్టి, మిషన్ మీద ఉన్నప్పుడే చేసేయరా? రెండు పనులు ఒక్కసారే అయిపోతాయి.

ఫిస్టులా_అన్న
ఒక చేత్తో పోస్తా ఇంకో చేత్తో తోడేసినట్టే. మిషన్ ఆ మందును లాగేస్తుంది. నీళ్లు తీసేటప్పుడు ఎట్లాగూ బీపీ పడుతుంది, అది మందు పనో మిషన్ పనో తెలియదు. సెంటర్లో ఆరు గంటలు ఒక్క మనిషి దగ్గరే నిలబడే నర్సు ఉండదు. ఐసీయూ బెడ్డు, డయాలసిస్ అయ్యి బీపీ కుదురుకున్నాక. ఆ రోజు డ్రై వెయిట్ (అదనపు నీళ్లు లేనప్పటి బరువు) కన్నా కిందికి లాగొద్దు.

డోన్_డాక్టరు
సరే, అసలు ప్రశ్నకు రండి. పుస్తకంలో "మందు ఆగి 24-48 గంటలు దాటితే తట్టుకునే గుణం పోతుంది" అని ఉంది. సెఫాజోలిన్ డయాలసిస్ అయ్యాక 2 గ్రా., 2 గ్రా., శనివారం 3 గ్రా. అంటే 48, 48, 72 గంటల గ్యాప్. లెక్క ప్రకారం ప్రతిసారీ 12 మెట్లు ఎక్కాల్సిందే. వారానికి మూడుసార్లు ఐసీయూనా? అయ్యే పనా అది?

గండికోట_ఐసీయూ
ఆ 24-48 గంటల మాట కిడ్నీ పనిచేసేవాళ్లది. సెఫాజోలిన్ సగానికి తగ్గడానికి వాళ్లకు 2 గంటల లోపే పడుతుంది కాబట్టి ఒక రోజులో ఒంట్లో ఏమీ మిగలదు. మూత్రం రాని మనిషిలో అదే 30-40 గంటలు. తట్టుకునే గుణాన్ని నిలిపేది ఒంట్లో ఉన్న మందే, గడియారం కాదు. కాబట్టి ఈ మందుకు ఏమీ కాదు, నేరుగా వారానికి మూడుసార్లు ఇవ్వొచ్చు.

పెన్నాగట్టు
డయాలసిస్‌ను మరిచిపోయావప్పా. 35 గంటల లెక్క వేసుకున్నా, డోసు తర్వాత 44 గంటలకు 42 శాతం ఉంటుంది. అప్పుడు హై-ఫ్లక్స్ (పెద్ద రంధ్రాల) ఫిల్టర్ మీద నాలుగు గంటలు, అందులో సగానికి అటూ ఇటూ పోతుంది. మిగిలేది 20 శాతం. శని నుంచి మంగళవారానికి 68 గంటలు, 26 శాతం, డయాలసిస్ అయ్యాక 13. సున్నా కాదు, నిజమే. కానీ మనం కొత్త డోసు ఇచ్చేది సరిగ్గా అది అన్నిటికన్నా తక్కువున్న నిమిషంలో, అదీ 2 గ్రా. 5 నిమిషాల్లో తోసేసే అలవాటుతో. మూత్రం రోజుకు అర లీటరు వచ్చే మనిషైతే ఈ అంకెలు ఇంకా పడిపోతాయి.

గండికోట_ఐసీయూ
సరే, "ఏమీ కాదు" అన్న మాట వెనక్కి తీసుకుంటా. కానీ 13 శాతమంటే 3 గ్రాముల్లో 400 మి.గ్రా. దరిదాపు. 0.04 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టిన ప్రయాణానికి అది చాలా పెద్ద మిగులు.

పెన్నాగట్టు
మధ్యేమార్గం ఉంది. మెట్లెక్కిన మొదటి వారం 1 గ్రా. రోజూ ఇవ్వండి, డయాలసిస్ రోజైతే అయ్యాక. మూత్రం రానివాళ్లకు అది కూడా ఒప్పుకున్న డోసే. గ్యాప్ 24 గంటలు దాటదు. వారం చూసి, వార్డులో ఉండగానే 2-2-3కి మార్చి కనీసం ఒక శని-మంగళ గ్యాప్ దాటించండి. ప్రతి డోసూ పంపు మీద గంట, తర్వాత ఇంకో గంట అక్కడే కూర్చోబెట్టాలి.

ఇది సెఫాజోలిన్‌కు నడుస్తుంది. మెరోపెనెం, ఆంపిసిలిన్ లాంటివాటికి ఇదే ధీమా పెట్టుకోవద్దు. మెరోపెనెం మూత్రం రానివాళ్లలో 8 గంటలకు సగం అనుకుంటే 24 గంటలకు ఎనిమిదో వంతు, దాని మీద డయాలసిస్. దానికి 500 మి.గ్రా. రోజుకోసారి బదులు 250 రెండుసార్లు ఇస్తే మొత్తం మందు అంతే, గ్యాప్ సగం.

ఫిస్టులా_అన్న
మీ లెక్కల్లో బస్సు లేదు. కదిరి నుంచో, ఆళ్లగడ్డ నుంచో వచ్చేవాడు పెళ్లో, జాతరో ఉందని శనివారం ఎగ్గొడితే?

గండికోట_ఐసీయూ
మంచి ప్రశ్న. చూస్తే వింతగా ఉంటుంది: డయాలసిస్ ఎగ్గొడితే మందును లాగేవాడు కూడా లేడు, అది లోపలే ఉంటుంది. గురువారం డోసు పడి, శనివారం రాక, మంగళవారం వస్తే 116 గంటలు, 10 శాతం మిగులుతుంది. ప్రమాదం ఇంట్లో కాదు, ఆ మంగళవారం మన దగ్గరే. ఒళ్లంతా నీళ్లతో వస్తాడు, గట్టిగా డయాలసిస్ చేస్తాం, 5 శాతానికి దిగుతుంది, "డోసు మిస్సయింది" అని తొందరగా 2 గ్రా. తోసేస్తాం. అక్కడ ఆగాలి. ఒక్క డోసు తప్పినా మందు ముట్టుకోకుండా ఐసీయూకు పంపి మళ్లీ మొదటి మెట్టు నుంచే.

కొండారెడ్డిబురుజు
అంటే మధ్యలో దిగితే మళ్లీ అహోబిలం కింది నుంచే.

తుంగభద్ర_ఫార్మా
కడుపు డయాలసిస్ వాళ్లకు ఈ గ్యాప్ బాధ తక్కువ. లీటరుకు 125 మి.గ్రా. చొప్పున ప్రతి సంచిలో సెఫాజోలిన్ వేస్తే మందు ఆగేదే లేదు. కానీ కడుపు నుంచి రక్తంలోకి బాగానే ఎక్కుతుంది, కాబట్టి ముందు నరంలో మెట్లెక్కించి, తర్వాతే సంచిలోకి.

అనంత, ఇంకోటి. సెఫాజోలిన్ వారాల తరబడి ఇస్తే విటమిన్ కె దెబ్బతిని ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయపు లెక్క) పెరగొచ్చు, తిండి సరిగా తినని కిడ్నీ పేషెంట్లలో ఎక్కువ. డయాలసిస్‌లో హెపారిన్ ఎట్లాగూ ఉంది. వారానికోసారి చూడండి.

ప్రొద్దుటూరు_ప్రశ్న
ఒకసారి ఇదంతా చేస్తే అలర్జీ పోయినట్టేనా? ఫైలు మీద ఎర్ర సిరా కొట్టేయొచ్చా?

కడప_సిస్టర్
కొట్టేయొద్దు. అలర్జీ అట్లే ఉంటుంది, మందు నడిచినన్నాళ్లు నిద్రపోతుంది. కోర్సు అయ్యాక ఆరు నెలలకు ఎవరో ఇదే మందు మామూలుగా ఇస్తే పాతకథే. ఎర్ర సిరా ఉంచి దాని కింద పూర్తిగా రాయండి: మందు పేరు, తేదీ, ఎన్ని నిమిషాలకు, ఏమైంది, ఏ తేదీన డీసెన్సిటైజ్ చేశారు, ఆఖరి డోసు ఎప్పుడు, అమోక్సిసిలిన్, క్లాక్సాసిలిన్ పడ్డాయి అని. డయాలసిస్ కార్డు మీద కూడా, తెలుగులో.

అనంత_పీజీ
ఇట్ల అనుకున్నాం. ఈ రోజు నుంచి క్లాక్సాసిలిన్ 2 గ్రా. 4 గంటలకోసారి, విడి వయల్, 50 మి.లీ. డెక్స్‌ట్రోజ్‌లో, మొదటి డోసులో పదో వంతు ముందిచ్చి గంట చూసి. 48 గంటలకోసారి కల్చర్, ఎకో (గుండె స్కాన్). కల్చర్లు శుభ్రమై రెండు వారాలు దాటాక ఒక గురువారం డయాలసిస్ తర్వాత ఐసీయూలో 16 మెట్లు. తర్వాత వారం రోజూ 1 గ్రా., ఆపైన 2-2-3, ఒక శని-మంగళ దాటాకే ఇంటికి. 16 మెట్ల షీటు ఎవరి దగ్గరైనా ఉందా? ముందు చేర్చే బ్యాగు వేగాలు ఏవి?

గండికోట_ఐసీయూ
మి.లీ.కి 0.008 మి.గ్రా., వేగాలు ఎ బ్యాగువే, 2, 5, 10, 20. గంట ఎక్కువ పడుతుంది, 6 గంటల 40 నిమిషాలు. మధ్యాహ్నం 12కు డయాలసిస్ అయిపోతే 2కు మొదలుపెట్టినా రాత్రి 8:40. షిఫ్టు మారేది 8కి, అప్పుడు నువ్వుండేది సరిగ్గా ఆఖరి మెట్టులో.

కడప_సిస్టర్
ఆ రోజు మొదటి షిఫ్టులో డయాలసిస్ వేయించండి. పొద్దున 10కి దిగితే 12కు మొదలు, 7 లోపు అయిపోతుంది.

ఫిస్టులా_అన్న
గురువారం మొదటి షిఫ్టు, రెండో మిషన్. రాసిపెట్టుకుంటా. కొత్త ఫిల్టరే వేస్తా, ఆ రోజు రీయూజ్ వద్దు.